ఇటుకగోడ పరీక్ష

పూర్వము పెండ్లిచూపులలో పిల్లచేత ఒక కీర్తన పాడించెడివారు. ఆ పిల్ల కాపురమునకు వచ్చిన పిమ్మట ఆమెను పాడుమని అడిగిన అత్తగారు గాని, పాడుచుండగా కూర్చుండి వినిన మామగారు గాని ఉన్నట్లు నేనెరుగను. చవుక కటకమును కొన్నవాడు, దానితో మరెన్నడును తీయబోని ఇటుకగోడను మొట్టమొదట ఫొటో తీసి, ఆ ఫొటో నాలుగు మూలలను పరికించి, కటకము యోగ్యతను నిర్ణయించుట ఈ కోవకు చెందిన సదాచారమే.

చవుక కటకమనగా నా ఉద్దేశము, ఫొటోగ్రాఫర్లు ముద్దుగా ఫిఫ్టీ అని పిలుచుకొను 50 మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సు, ఎఫ్/1.8 ద్వారము గలది. నాభ్యంతరము, అనగా ఫోకల్ లెంగ్తు, ఒక్కటే గనుక, జూము లెన్సు గలవానివలె ఉన్నచోటనే నిలిచి దృశ్యమును దగ్గరకు లాగుకొను భోగము దీనిని కొన్నవానికి లేదు. దగ్గర కావలెనన్న తానే ముందుకు నడువవలెను. దూరము కావలెనన్న తానే వెనుకకు నడువవలెను. అట్లు నడుచునపుడు వీపు వెనుకనున్న మురుగుకాలువను జ్ఞప్తియందుంచుకొనవలెను. కానన్ వారు 1990లో విడుదల చేసిన రెండవ కూర్పు బరువు 130 గ్రాములు. కెమెరాకు తగిలించు వలయము సైతము ప్లాస్టిక్కే. దానిని చేతిలోనికి తీసికొన్నవాడు ఒకసారి ఎగురవేసి పట్టుకొని "ఇది పనిచేస్తుందా?" అని అడుగక మానడు. ఇత్తడి బిందెలనాటి నుండియు బరువునుబట్టి వెల కట్టుట మనకు అలవాటు. 2015లో వచ్చిన కూర్పునకు లోహపు వలయము తగిలించి, ఐదు రేకుల ద్వారమును ఏడు రేకులు చేసిరి.

మా మిత్రుడొకడు ఇట్టి లెన్సును కొని, ట్రైపాడు భుజమున వేసికొని, నన్ను వెంటబెట్టుకొని, మా కాలనీ చివర సిమెంటు పూతకు నోచుకొనని యొక ప్రహరీగోడ ఎదుట నిలిచెను. కెమెరా గోడకు సమాంతరముగా ఉండవలెనట. లేకున్నచో ఒక మూల మసకబారుట కటకదోషమో, నిలబెట్టిన తీరు దోషమో తేలదట. అందుచే అతడు టేపు సాచి గోడకును ట్రైపాడునకును నడుమ దూరమును ఇరువైపుల కొలిచి, పుస్తకమున వ్రాసికొనుచుండగా, గేటు తెరచుకొని, లుంగీ సవరించుకొనుచు ఇంటి యజమాని బయటకు వచ్చెను.

"సార్, మాది ఒక్క అంగుళం కూడా రోడ్డు మీదకి రాలేదు సార్. ప్లాను అప్రూవలుంది, చూపించమంటారా?"

మిత్రుడు తలయెత్తకయే, "మీ గోడ బాగానే ఉందండీ. మూలల దగ్గరే కొంచెం అనుమానం" అనెను. ఆ గృహస్థు మారుమాటాడక లోనికి పోయి, కాగితముల కట్టతోపాటు రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చెను. త్రాగితిమి. మేము మునిసిపాలిటీ వారము కామని ఎంత చెప్పినను ఆయన నమ్మినట్లు నటించెనే గాని నమ్మలేదు. వెళ్లునప్పుడు "కొంచెం చూసి రాయండి సార్" అని మెల్లగా అనెను.

ఆ రాత్రి కంప్యూటరు తెరపై ఆ గోడను పెద్దది చేసి చూచితిమి. ఎఫ్/1.8 వద్ద నడిమి ఇటుకలు చక్కగనే యుండి, మూలల ఇటుకలు అంచులు చెరిగి యుండెను. ఎఫ్/5.6 వద్దకు వచ్చుసరికి మూలలును నడుమయు దాదాపు ఏకమై, సందులలోని ఇసుక రేణువులును, ఒకచోట మేస్త్రి వ్రేలిముద్రయు కనబడెను. ఎఫ్/22 వద్ద మరల అంతయు మందగించెను. ఇందులో మాయ లేదు. ద్వారమును పూర్తిగా తెరచినపుడు కటకపు అంచుల గుండ వచ్చు కిరణములు, నడిమి కిరణములు కలిసిన చోటనే కలియుటకు ఒప్పుకొనవు. దీనిని గోళీయ విపథనమందురు. మూలలకు వచ్చుసరికి ఏటవాలుగా వచ్చు కిరణముల దోషములును దీనికి తోడగును. ద్వారమును కుదించినచో ఆ అంచులు మరుగుపడి తగవు తీరును. మితిమీరి కుదించితిమా, కాంతి ఆ చిన్న రంధ్రపు అంచున వంగి, వివర్తనము చెంది, బింబము మెత్తబడును. వివర్తనమునకు ధనిక దరిద్ర భేదము లేదు. లక్ష రూపాయల లెన్సునకును అదే శాస్తి.

ఆ లక్ష రూపాయల లెన్సు సంగతి గూడ చెప్పవలెను. ఎఫ్/1.2 ద్వారము గల 50 కొన్నవానికి అదనముగా దక్కునదేమనగా, 1.8ని 1.2తో భాగించి వర్గము చేయగా వచ్చిన రెండుంబావు రెట్ల కాంతి. వెల మాత్రము పదిరెట్లకు అటునిటు. ఎఫ్/5.6 వద్ద ఆ రెండింటి తేడాను భూతద్దము పెట్టి వెదకవలసినదే. ఈ లెక్కను నేను కాగితముపై వేసి చూపగా మిత్రుడు చాలసేపు ఆలోచించి, "మరి బిల్డ్ క్వాలిటీ?" అనెను.

ఇంత మంచి వస్తువు ఇంత చవుకగా దొరకుచున్నదన్నచో ఎక్కడనో మోసముండునని శంకించువారు దాని వంశచరిత్ర వినవలెను. జర్మను గణితజ్ఞుడు గాస్ 1817లో దూరదర్శిని కొరకు రెండు కటకముల జోడును కల్పించెను. 1888లో అమెరికావాడగు ఆల్వన్ గ్రాహం క్లార్క్ అట్టి జోడులు రెండింటిని ఎదురెదురుగా నిలిపెను. 1896లో జైస్ సంస్థలోని పౌల్ రుడాల్ఫ్ దానిని తీర్చిదిద్ది ప్లానార్ అని పేరుపెట్టెను. పాపము, దానిలో గాలికి తగులు గాజు తలములు ఎనిమిది. ఒక్కొక్కటియు తన వద్దకు వచ్చిన కాంతిలో ఇంచుమించు నూటికి నాలుగు పాళ్లు వెనుకకు త్రోసివేయుటచే బింబము వెలవెలబోయెడిది. 1935లో అదే సంస్థలోని స్మకులా గాజుపై పలుచని పూత పూయు విధానమును కనిపెట్టిన పిదపగాని దాని దశ తిరుగలేదు. మన ఫిఫ్టీ ఆ వంశాంకురమే, ఆరే గాజుబిళ్లలు. పైగా అద్దము గల కెమెరాలో ఆ అద్దము లేచి పడుటకు కావలసిన చోటును 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము సహజముగనే విడిచిపెట్టును. 24 మిల్లీమీటర్ల లెన్సునకో, ఆ చోటు కల్పించుటకే అదనపు గాజులు కావలెను, వానికి వెల మనమీయవలెను.

ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియె బ్రెసోన్ తన లైకా కెమెరాకు తగిలించుకొని తిరిగినది గూడ చాలవరకు 50 లెన్సే. ఆయనయు గోడలను తీసెను. 1933లో స్పెయిను దేశపు వాలెన్సియాలో పెచ్చులూడిన గోడ ప్రక్క తల వెనుకకు వాల్చిన బాలుని చిత్రము లోకప్రసిద్ధము. ఆ చిత్రమున మూలలెట్లున్నవని అడిగినవాడు నాకింతవరకు తారసపడలేదు. మసకకు మొదటి కారణము చేయి వణకుట, రెండవది ఫోకసు కంటిమీద నిలుపబోయి చెవిమీద నిలుపుట, మూడవది ఎదుటివాడు కదలుట. కటకము వంతు వచ్చుసరికి వరుస చాల దూరము పోవును. పాత లెన్సు కొనువాడు మాత్రము గోడను విడిచి టార్చిలైటు వెంట తీసికొని పోవలెను. వెనుకనుండి వెలుగు వేసి చూచినచో గాజులోపల బూజు తీగలు కనబడును. కాకినాడ, విశాఖపట్నముల సముద్రపు తేమలో పెరిగిన లెన్సులకు ఈ పరీక్ష మరింత అవసరము.

ఇక పదునును గూర్చి నేనెరిగిన పరీక్షాధికారులలో మా పిన్నిని మించినవారు లేరు. గృహప్రవేశమునాడు ఈ లెన్సుతోనే, కిటికీ వెలుగులో, ఎఫ్/2.8 వద్ద ఆమెను తీసి ఫోనుకు పంపితిని. ఆమె కండ్లజోడు సవరించుకొని, రెండు వ్రేళ్లతో ఫొటోను సాగదీసి, మా మిత్రుడు మూల ఇటుకలను చూచిన తదేకదృష్టితో తన కనుబొమ్మను, ముక్కు ప్రక్కన అంటియు అంటని పౌడరును, గడ్డము క్రింద లేదనుకొన్న మడతను క్రమముగా తనిఖీ చేసెను.

"ఏంట్రా ఇది? ఉన్నవి లేనివి అన్నీ తీశావు. మా పెళ్ళప్పుడు స్టూడియో ఆయన నెగటివు మీద పెన్సిలుతో దిద్దేవాడు. ఒక్క మచ్చ కనిపించేది కాదు."

"దిద్దక్కర్లేదు పిన్నీ, మసగ్గా తీసే లెన్సులే వేరే ఉంటాయి" అని, రోడెన్‌స్టాక్ వారి ఇమాగాన్ కటకమును గూర్చి చెప్పితిని. గోళీయ విపథనమును అందులో కావలెననియే ఉంచి, ఎంత మెత్తదనము కావలెనో చిల్లుల బిళ్లలు మార్చి నిర్ణయించుకొందురు. సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన హీలియోస్-44 లెన్సును గూర్చియు చెప్పితిని. దాని మసకలో వెనుకనున్న చెట్లు సుడి తిరుగును, ఆ సుడికొరకే నేడు దానిని వెదకి కొనుచున్నారు. చవుక లెన్సులో మసక దోషమనియు, వెదకి కొన్న లెన్సులో అదే మసక కళయనియు గ్రహించుటకు ఆమెకు నిమిషము పట్టలేదు.

"ఆ చిల్లులది ఎంతవుతుందేంటి?"

"దీనికంటే చాలా ఎక్కువే పిన్నీ."

"అవనీ. మీ బాబాయితో చెప్పి ఇప్పిస్తాలే. అందాకా దీంతో మా ఆడపడుచుని తియ్యి."