‘ఏం గాదు భయ్యా’: నిప్పు గురించి వినకూడని సలహాలు

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో దుకాణం పెట్టేవారికి సలహాలిచ్చే పెద్దలకు కొదవ లేదు. అద్దె ఎంత మాట్లాడుకోవాలి, రంజాన్‌కు ఎంత సరుకు దింపాలి, ఉద్దెర ఎవరికి ఇవ్వకూడదు: ఇలాంటివాటిలో వాళ్ల మాట తప్పక వినండి. నిప్పు సంగతి వచ్చినప్పుడు మాత్రం వినకండి. ఆ సలహాలు పాటిస్తే ఏమవుతుందో 1840 జనవరి 13 రాత్రి అమెరికాలో లెక్సింగ్టన్ అనే ఆవిరి ఓడ మీద తేలిపోయింది. న్యూయార్క్ నుంచి స్టోనింగ్టన్‌కు బయల్దేరిన ఆ ఓడలో 143 మంది ఉన్నారు. బతికింది నలుగురు.

“మొన్న గూడ గిట్లనే పొగొచ్చింది. ఆర్పేసినం. ఏం గాలే.”

అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. లెక్సింగ్టన్ బాయిలర్లు కట్టెలతో మండించడానికి చేసినవి. 1839లో వాటిని బొగ్గుకు మార్చారు, ఆ పని సరిగా పూర్తి చేయలేదు. కట్టెల కంటే బొగ్గు సెగ ఎక్కువ. అంతకుముందే ఓడలో చిన్న చిన్న మంటలు లేచాయి. ఆర్పారు, ఊరుకున్నారు. మంట ఎందుకు లేస్తోందో చూసి బాగుచేసినవారు లేరు. ఆ రాత్రి అలల ఉధృతి ఎక్కువగా ఉందని మామూలుకు మించి బొగ్గు వేశారు. పొగగొట్టం చుట్టూ ఉన్న చెక్క తొడుగు అంటుకుంది.

మన దుకాణాల్లో జరుగుతున్నదీ ఇదే. పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరుసను ఏడో నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. ఏసీలు, షోకేసు నిండా లైట్లు అప్పటివాళ్ల ఊహలో లేవు. ఏ ఇరవై ఏళ్ల కిందటో రెండు ఫ్యాన్లకూ నాలుగు ట్యూబులైట్లకూ వేసిన వైరుకు ఇవాళ మూడు ఏసీలు తగిలిస్తున్నాం. బోర్డు దగ్గర ఒక్కసారి మాడు వాసన వచ్చినా ఆ రోజు దుకాణం మూసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సీజన్ అయ్యాక చూద్దామనుకోవద్దు. లోడు పెరిగేదే సీజన్‌లో.

“రాతి బిల్డింగ్ గదా, కాలదు.”

రాయి కాలదు. లోపలి థాన్లు, అట్టపెట్టెలు, చెక్క అరలు, ఫాల్స్ సీలింగ్ కాలతాయి. మందపాటి గోడల మధ్య పొగకు బయటికి దారి దొరకదు, మనుషుల ప్రాణం తీసేది ఎక్కువగా ఆ పొగే.

“జాగా యాడుంటే ఆడ పెట్టు సరుకు.”

లెక్సింగ్టన్‌లో సుమారు 150 పత్తి బేళ్లు పొగగొట్టం పక్కనే పేర్చారు. జాగా అక్కడే ఉందనుకున్నారు. తొడుగు నుంచి మంట నేరుగా పత్తికి పాకింది. మన దగ్గర ఆ ఖాళీ జాగా ఎప్పుడూ మెట్ల మీదో మీటర్ బోర్డు కిందో దొరుకుతుంది. షేర్వానీ గుడ్డల మూటలు అక్కడికే చేరతాయి. మెట్ల మీద ఒక్క మూట కూడా ఉండకూడదు, పెళ్లిళ్ల సీజన్ అయినా సరే.

ఇది దూరదేశపు పాత కథ అనుకునేవారు గుల్జార్ హౌజ్ దాకా నడిచి రండి. 2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున కింద నగల దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేచాయి. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. రాకపోకలకు ఉన్న దారి ఒక్కటే, మెట్లు ఇరుకు. పత్తర్‌గట్టిలో పైన కుటుంబమో పనివాళ్లో పడుకునే ప్రతి ఇంటికీ రెండో దారి ఉండాలి: మిద్దె మీదుగా పక్కింటికి వెళ్లే తలుపైనా చాలు. ఆ తలుపుకు తాళం వేయకండి.

“మంట లేస్తే మెయిన్ బంద్ చేస్తే అయిపాయె.”

నిజమే, చేయి అందితే. లెక్సింగ్టన్ ఇంజను ఆపడానికి ఎవరూ దాని గదిలోకి వెళ్లలేకపోయారు, మధ్యలో మంట ఉంది. ఓడను నడిపే తెడ్డు చక్రాలు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉన్నాయి. దింపిన మొదటి పడవను చక్రం లాగేసింది. కెప్టెన్ జార్జ్ చైల్డ్ దాంతోనే పోయాడు. మిగిలిన రెండు పడవలూ మునిగాయి. పైలట్ స్టీఫెన్ మాంచెస్టర్ ఓడను ఒడ్డుకు తిప్పాడు గానీ చుక్కాని తాడు కాలి తెగిపోయింది. పన్నెండేళ్ల తర్వాత, 1852 జనవరిలో, బిస్కే అఖాతంలో ఇంగ్లండు ఓడ అమెజాన్ తగలబడినప్పుడూ ఇంజను ఆపలేకే పడవలు సరిగా దింపలేకపోయారు. మీ మెయిన్ స్విచ్ గల్లా వెనక, మూటల అవతల ఉందా? వాకిలి పక్కకు మార్పించండి. అది ఎక్కడుందో దుకాణంలోని ప్రతి పిల్లవాడికీ తెలియాలి.

జనం ప్రాణాలతో తప్పించుకున్న ఓడ కథ కూడా మన దగ్గరే ఉంది. 2018 మే నెలలో పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు దేవీపట్నం దగ్గర గోదావరిలో అంటుకుంటే వెంటనే ఇసుక తిన్నెకు చేర్చారు. వందమందికి పైగా ప్రాణాలతో దిగారు. బోటు కాలిపోయింది. అంతకంటే ఏం కావాలి!

“మంటలార్పే సిలిండర్ గోడకు ఉన్నది గదా.”

1904లో న్యూయార్క్‌లో జనరల్ స్లోకమ్ ఓడకూ నీటి గొట్టాలున్నాయి. తిప్పగానే పగిలిపోయాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. మీ సిలిండర్ మీది తేదీ ఇవాళే చదవండి.

“పక్క దుకాణం సంగతి మనకెందుకు, గిరాకీ టైంల?”

లెక్సింగ్టన్ మంటలు కనిపించేంత దగ్గరలో, ఐదు మైళ్లలోపే, ఇంప్రూవ్‌మెంట్ అనే తెరచాప పడవ ఉంది. పోటు సమయం తప్పిపోతుందని దాని కెప్టెన్ రాలేదు. నీళ్లలో పడ్డవారిలో ఎక్కువమంది చలికే చచ్చిపోయారు. పక్క షట్టర్ కింద పొగ కనిపిస్తే గిరాకీని వదిలేయండి. 101కి ఫోన్ చేయండి. ఒకరిని మదీనా చౌరస్తాలో, ఇంకొకరిని గుల్జార్ హౌజ్ దగ్గర నిలబెట్టి తోపుడు బండ్లు, స్కూటర్లు పక్కకు తీయించండి, ఫైరింజను లోపలికి రావాలంటే ఆ దారులే.