పరాజయశాస్త్ర పండితులు

చాతం రేవున పడవయెక్కి బాంబూఫ్లాట్‌లో దిగి తీరము వెంబడి కొంతదూరము పోయినచో హోప్ టౌన్ వచ్చును. పోర్ట్ బ్లేయరునకు ఆవలియొడ్డున, కొండపాదమున ఒదిగియున్న ఈ చిన్నయూరు చరిత్రకెక్కినది ఒక్క సాయంకాలముచేతనే. 1872 ఫిబ్రవరి 8న భారతదేశమునకు రాజప్రతినిధియైన మేయో ప్రభువు, ఆరోగ్యనివాసము కట్టించుటకు తగిన తావేమో చూతమని మౌంట్ హారియట్ నెక్కి, అచ్చటి సూర్యాస్తమయమును కన్నులార చూచి, క్రిందికి దిగి, కాగడాల వెలుగులో రేవుకట్టపై నడచుచుండగా, తోటి ఖైదీలకు క్షౌరము చేయుచు కాలము గడపుచున్న షేర్ అలీ అను అఫ్రీదీ ఖైదీ చీకటిలోనుండి దుమికి, కత్తితో ఆయనను వీపున పొడిచెను. మార్చి 11న వైపర్ ద్వీపమున వానిని ఉరిదీసిరి.

ఈ కథ విన్నంతనే, చేతికఱ్ఱపై గడ్డమానించి, "ఏమి సాధించినాడయ్యా?" అని యడుగు పెద్దమనుష్యులు మనలో బహుసంఖ్యాకులు. వారికి నేను పరాజయశాస్త్ర పండితులని బిరుదమిచ్చితిని. వారి శాస్త్రము బహు సులభము. ఎవడైన ఒక అన్యాయము నెదిరింప లేచినచో, మొదట ఎదిరిపక్షమువారి బలము నెంచుదురు. పిదప మనబలము నెంచుదురు. దానినుండి దీనిని తీసివైచి, పొట్టేలు కొండను ఢీకొన్నట్లున్నదని తీర్పుచెప్పి, కాఫీకి లేతురు. పుట్టి బుద్ధెఱిగిన పిదప వీరొక్క యుద్ధములోనైనను ఓడిన జాడ లేదు. ఏ యుద్ధమునకును పోనివారికి ఓటమి యెక్కడనుండి వచ్చును?

ఈ శాస్త్రమునకు ప్రమాణగ్రంథము కావలెనన్నచో ఉద్యోగపర్వము కలదు. ధృతరాష్ట్రుడు సంజయుని ఉపప్లావ్యమునకు పంపినప్పుడు ఆ దూత మూటగట్టుకొని పోయినది యేమి? అర్ధరాజ్యము కాదు, అయిదూళ్లును కాదు. యుద్ధము పాపమనియు, బంధువుల నెత్తుటితో తడిసిన రాజ్యముకంటె పరులయూళ్ల బిచ్చమెత్తి బ్రదుకుట మేలనియు ఒక ధర్మోపన్యాసము మాత్రమే. ఆ యుపన్యాసమున అసత్యము లేదు. అయితే అది సొమ్ము పోగొట్టుకొన్నవానికే గాని, సొమ్ము కాజేసి సింహాసనమున కూర్చున్నవానికి ఎన్నడును వినిపింపబడదు. శాంతిహితోపదేశ మెప్పుడును దోపిడి యైనవాని గుమ్మముకడకే వచ్చుట ఆ శాస్త్రములోని మొదటి సూత్రము.

అయినను షేర్ అలీ విషయమున నేను పండితులతో విభేదింపను. వారితో ఏకీభవించుటకు నా కారణము మాత్రము వేఱు. అతడు ఓడినాడని వారందురు. అతడు గెలిచినాడని నేనందును. చంపదలచినవానిని చంపినాడు, అంతకంటె సంపూర్ణమైన గెలుపు వేఱొకటి యుండునా? ఆ గెలుపువలన జరిగినదేమి? మే మాసము మొదటివారము ముగియకముందే ఆ పీఠమున జాన్ స్ట్రాచీ కొన్నాళ్లు, మన చెన్నపురి గవర్నరు నేపియర్ ప్రభువు కొన్నాళ్లు కూర్చుండి లేవగా, నార్త్‌బ్రూక్ ప్రభువు వచ్చి స్థిరపడెను. కుర్చీ కాలైనను కదలలేదు. అందుచేత హోప్ టౌన్ రేవుకట్ట మనకు నేర్పునది యొక్కటే: గెలుపు తనంతట తాను ఒక విలువ కాదు. గెలుపును కొలబద్దగా పట్టుకొని తిరుగు పండితులకు ఈ రేవుకట్టమీద కొలుచుట కేమియు దొరకదు.

ఇక అఖాతమున కీవల, పోర్ట్ బ్లేయరులోని అబర్డీన్ వైపు చూతము. 1858లో వాకర్ అను వైద్యుని యాధిపత్యమున ఇచ్చట ఖైదీల వలస నెలకొనెను, అడవి నఱకసాగిరి. మరుసటి యేట మే మాసమున గ్రేట్ అండమానీయులు విల్లంబులతో ఆ వలసపై విరుచుకొనిపడి, ఫిరంగుల ముందు నిలువలేక కూలిరి. ఈ యుద్ధమున మన పండితుల కులదైవమనదగిన మహనీయు డొక డున్నాడు. వాని పేరు దూధ్‌నాథ్ తివారీ. సిపాయి తిరుగుబాటు ఖైదీయై వచ్చి, పాఱిపోయి అడవిజనుల చేజిక్కి, గాయములపాలై చావక బ్రదికి, వారి యాదరమున సుమారొక సంవత్సరము గడపి, వారి స్త్రీల నిరువురను పెండ్లాడి, వారు దాడికి సిద్ధమగుచుండగా నడిరేయి జాఱుకొని, దొరల చెవిని వార్త వేసెను. అతడును లెక్క చూచినవాడే: అటు బాణము, ఇటు ఫిరంగి. లెక్క తప్పలేదు. క్షమాభిక్ష లభించినది, స్వదేశమునకు పోయినాడు. ఆలిని, అన్నము పెట్టినవారిని తీసివేతలో ఏ పద్దున వేసినాడో మాత్రము ఏ దస్త్రమునను కానరాదు.

ఆ యోటమి పిమ్మట నేమైనది? పండితులు నిశితముగా పరిశీలింపవలసిన ఘట్టమిది, ఏలయన వారు కోరినదంతయు నిచ్చట జరిగినది. గ్రేట్ అండమానీయులు క్రమముగా పోరు చాలించిరి. దొరలు వారికొఱకు 'అండమాన్ గృహములు' అను ఆశ్రయముల నేర్పఱచి, తిండి పెట్టి, బట్ట కట్టించి, పొగాకు నేర్పిరి. ఆ వెనుకనే సుఖరోగములు వచ్చినవి. 1877లో తట్టు వచ్చినది. వలస కాలూనునాటికి వేలసంఖ్యలో నున్నట్లు అంచనా వేయబడిన ఆ జాతి 1901 జనాభా లెక్కలలో 625 మంది, 1931లో 90, 1961లో 19. మహారణ్యమునుండి పందొమ్మిదివఱకు దిగిన ఈ సోపానములలో మొదటి మెట్టు మాత్రమే యుద్ధము; తక్కినవన్నియు సంధి.

పోరు మాననివారి మాట యేమి? ఉత్తర సెంటినల్ ద్వీపవాసులు నేటికిని దరికి వచ్చినవారిపై బాణము వేయుదురు. 2004 డిసెంబరులో సముద్రము పొంగి దీవులన్నియు అల్లకల్లోలమైనప్పుడు, వీరు బ్రదికియున్నారో లేదో చూతమని తీరరక్షకదళమువారి హెలికాప్టరు పోగా, ఒకడు ఇసుకపై నిలువబడి దానికి విల్లెక్కుపెట్టెను. ఆ ఛాయాచిత్రము లోకమంతయు చూచినది. హెలికాప్టరుపై బాణము! పరాజయశాస్త్రమున ఇంతకు మించిన హాస్యాస్పదోదాహరణము దొరకదు. కాని వారున్నారు, వారి యడవి యున్నది; వారి జోలికి పోవుట నేరమని శాసనము సైతము ఉన్నది. వారి ద్వీపమునకు రేవు లేదు, చుట్టును పగడపు దిబ్బలు, దొరలకు దానితో పని లేదు, అదృష్టము తోడైనదని యెవరైన నన్నచో కాదనను. కాని యే యుద్ధమునందు అదృష్టము పాలు లేదు? బాణము వేయనివానికి అదృష్టము తోడగు నవసరమే రాదు గదా!

మన తెలుగునేలకు వత్తము. 1882 అటవీచట్టమువలన పోడు పోయి, బాస్టియన్ అను డిప్యూటీ తాసిల్దారు వేయించిన బాటపనిలో కూలియు దక్కక మన్యమువారు మాడుచుండగా, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడెను. ఒకవైపు ఠాణాలలో దొరకిన పాత తుపాకులు. ఆవలివైపు మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు. మైదానమున నున్న ప్లీడరుగారి వరండాలో ఈ తీసివేత యెన్నిసారులు జరిగియుండునో ఊహింపవచ్చును. లెక్కప్రకారమే 1924 మే 7న కొయ్యూరుకడ రాజు హతుడయ్యెను. ఆయన యనుచరుడు గాం మల్లుదొరను ఈ అండమానునకే పంపిరి. 1952లో మొదటి లోకసభకు విశాఖపట్టణమునుండి గెలిచినవారి పట్టికలో ఆ మల్లుదొర పేరున్నది. వరండా పండితుల పేర్లు వెదకితిని, కనబడలేదు. 2022లో రాజు పేర జిల్లా వచ్చినది, భీమవరమున ముప్పదియడుగుల కంచువిగ్రహము నిలిచినది. చచ్చినవాని కండ్లు చారెడు! వాని నాడు వలదన్నవారి సంతతివారే నేడు దండ వేయుటకు నిచ్చెన యెక్కుచున్నారు.

హోప్ టౌన్ మీది కొండకును ఇదే పూజ జరిగినది. 1891లో మణిపూరువారు ఆంగ్లసేనలతో పోరి ఓడగా, మహారాజు కులచంద్రధ్వజసింహుని, ఆయన తోడివారిని తెచ్చి ఈ మౌంట్ హారియట్‌పైననే నిర్బంధించిరి. నూటముప్పదియేండ్లకు, 2021లో, దానికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చిరి. ఓడినవారి పేరు కొండకెక్కుట సంతోషమే. కాని గతించిన యోటమికి బోర్డు వ్రాయించుట కేవలము రంగుడబ్బాతో అగు పని. నేటి యోటమి ప్రక్కన నిలువబడుటకు రంగు చాలదు.

పండితులను పరిహసించుచున్నాను గనుక వారి పగవారిని మెచ్చుచున్నానని పాఠకులు భ్రమింపరాదు. పరుల బిడ్డలను ఓడుపోరునకు తఱిమి, వీరమరణముపై చరణములు కట్టి పాడువారు ఇంకొక తెగ. ఆ తెగవారికి నే నిచ్చు బిరుదము అచ్చువేయ తగదు. పోరు చేయదగినదా కాదా యని తేల్చుటకు నేను మొదట చూచునది, ఆ యోటమి వెలను చెల్లించువాడెవడు, నిర్ణయించువాడెవడు అనునదే. ఇద్దరును ఒక్కరైనచో వినదగినది. అటుపిమ్మట, పోరక యూరకున్నచో మిగులునదేమి? 1933 మే మాసమున సెల్యులార్ చెఱసాలలో నిరశనము పూనిన రాజకీయ ఖైదీలకు శరీరమొక్కటే మిగిలియుండెను. బలవంతముగా గొట్టముతో పాలు పోయగా మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర మరణించిరి. ముగ్గురు పోయిరి, చెఱ చెఱగనే యున్నది. పండితుల లెక్క మరల సరిపోయినది. అయితే బ్రదికినవారికి దీపము, పుస్తకము, పత్రిక దక్కినవి. 1937లో వారు మరల నిరశనమునకు కూర్చుండగా, 1938 ఆరంభమునాటికి రాజకీయ ఖైదీలను స్వదేశపు చెఱలకు మరలింపక ప్రభుత్వమునకు తప్పలేదు. ఓడినవాడు ప్రత్యర్థికి తరువాతి గెలుపు వెలను పెంచిపోవును. తీసివేత మాత్రమే నేర్చినవారికి ఈ హెచ్చవేత అందదు.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో మహానౌకాశ్రయము, విమానాశ్రయము, నగరము కట్టెదరట. నూటముప్పది చదరపు కిలోమీటర్ల యడవి పోవునట. సముద్రపుపొంగున ఊళ్లు పోగొట్టుకొని, నేటికిని శిబిరములలోనే యుండి, మా పాతయూళ్లకు మమ్ము పోనిండని యడుగుచున్న నికోబారీయుల గిరిజన మండలి 2022 ఆగస్టులో సమ్మతిపత్రముపై సంతకము పెట్టి, పూర్తివివరములు తమకు చెప్పలేదని నవంబరులో దానిని వెనుకకు తీసికొన్నది. పండితులు కుర్చీలు దగ్గరకు లాగికొని తీసివేత ఆరంభించియే యున్నారు: వేలకోట్లు ఒకవైపు, ఒక్క కాగితము ఒకవైపు. ఆ కాగితము వ్రాసినవారు పరులను పోరునకు పంపలేదు. ఓడినచో వెల చెల్లించువారు తామే. పాఠకమహాశయులారా, వారు గెలుతురా యని నన్నడుగకుడు. వారి లేఖను చదివి, మీ తీర్పును నూటముప్పదియేండ్లు ఆలస్యము చేయక యిప్పుడే చెప్పుడు.