సెట్టు శబ్దానికి ‘సర్దుబాటు’ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్య రాసి ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. ఆయనది మెదకు సీమలోని కొల్చారం. ఆయనకు మేఘసందేశం దొరికింది. మాకు దొరికింది ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక మేనత్త మేనల్లుడితో ఫోనులో అన్న మాట. ప్రాణం పొయ్యడం మా వల్ల కాదు గనక మా వ్యాఖ్యకు ‘సర్దుబాటు’ అని పేరు.

మూలం

“ఒరే అబ్బాయ్, మీ బావకి ఎంసెట్టు అప్పట్లో సెట్టవలేదుగానీ, ఇప్పుడు సినిమా సెట్టులో పని సెట్టయింది. ఆ భీమవరం సంబంధం కూడా సెట్టయిందంటే ఇంక సెటిలైపోయినట్టే.”

ప్రతిపదార్థం

ఒరే అబ్బాయ్ = ఓ మేనల్లుడా (శ్రోతకు చెవుల దగ్గర నెరిసినా ఈ సంబోధన మారదు); మీ బావకి = నా కొడుక్కి (‘మావాడికి’ అనక ‘మీ బావకి’ అనడంతో బాధ్యతలో సగం శ్రోత మీద పడింది); ఎంసెట్టు = ఆ పేరుగల పరీక్ష; అప్పట్లో = ఏ ఏడో అడగవద్దు; సెట్టవలేదు = ర్యాంకు రాలేదు; సినిమా సెట్టులో = కూలగొట్టడానికే కట్టిన ఇంట్లో; పని = జీతమెంతో చెప్పని ఉద్యోగం; సెట్టయింది = ఎవరో ఇప్పించారు; భీమవరం సంబంధం = చూసివచ్చి కబురు కోసం కాచుకున్న సంబంధం; సెట్టయిందంటే = ఆ అమ్మాయి ఊఁ అంటే; సెటిలైపోయినట్టే = నాకు నిద్రపట్టినట్టే.

పాఠాంతరం: ఇదే మాట చుట్టాల వాట్సాప్ ప్రతిలో ‘పని సెట్’ అని క్రియ లేకుండా, చేతులు జోడించిన బొమ్మతో కనిపిస్తోంది. ఫోను పాఠమే ప్రాచీనం, గ్రాహ్యం.

వ్యుత్పత్తి

ఈ సెట్టులన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. ఎంసెట్టులోని సెట్టు అసలు మాటే కాదు. కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల తొలి అక్షరాలు మూడూ చేతులు పట్టుకుని నిలబడ్డాయి. ఐసెట్టు, లాసెట్టు, పాలీసెట్టు దీని సోదరులు. కాలేజీ అధ్యాపకులయ్యే అర్హతకు రాసే సెట్టు ఉందే, అందులో మొదటి అక్షరం వేరు, కాబట్టి అది ఇంకో కులం. వైద్యవిద్య నీట్‌లోకి పోయాక ఆంధ్రప్రదేశ్ 2021లో, తెలంగాణ 2024లో ఎంసెట్టు పేరును ఈఏపీసెట్టుగా మార్చాయి. మేనత్తలు మార్చలేదు. యోగార్థం కంటే రూఢి బలమైనదని శాస్త్రం ఎలాగూ ఒప్పుకుంటుంది.

అసలు క్రియ సంగతి. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. మన తినుకు తినిపించు ఎలాగో దానికిది అలాగ, ప్రేరణార్థకం. పాత ఇంగ్లీషులో దీని రూపం ‘సెట్టన్’. ఇంకా వెనక్కి తవ్వితే తగిలే ధాతువు మనకు పరాయిది కాదు. సంస్కృతంలో ‘సద్’ అన్నది అదే. సదస్సులో, సభాసదుల్లో, జిల్లా పరిషత్తులో, గురువు దగ్గర చేరి కూర్చునే ఉపనిషత్తులో ఉన్న ధాతువు అది. సెటిల్ కూడా ఈ ఇంటిదే. పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అంటే పీట. కాబట్టి సెటిలైన పిల్లవాడంటే పీట దొరికినవాడు. పెళ్లిపీటా ఉద్యోగపీటా అన్న చర్చ వ్యాఖ్యాత పని కాదు. ‘సద్’కే ‘వి’ ఉపసర్గ చేరితే కుంగి కూలబడడం, అంటే విషాదం. పీట దొరికితే సెటిల్, దొరక్క కూలబడితే విషాదం. రెండూ ఒకే ధాతువు పెట్టిన భిక్ష.

గుంపు, జత, వరస అనే అర్థంలోని సెట్టు మాత్రం మరో దారిన వచ్చింది. పాత ఫ్రెంచి ‘సెత్త’ నుంచి, దాని వెనక లాటిన్ ‘సెక్త’ నుంచి. ‘సెక్త’ అంటే వెంట నడిచేవాళ్లు. ఈ మాట ఇంగ్లీషులో అడుగుపెట్టాక పాత క్రియతో పొత్తు కలిపి ఒకింటి మనిషిలా మసలింది. దీని మూలధాతువుకు సంస్కృతపు చుట్టం ‘సచ్’. రాజు వెంట నడిచే సచివుడు దాంట్లోంచే పుట్టాడు. కన్నడదేశం నుంచి మన హోటళ్లకొచ్చిన సెట్ దోశలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని కొందరు వాటిని మొదటి ధాతువుకు అంటగట్టబోతారు. కూడదు. అవి ఒకదానికొకటి సచివులు. లెక్కల పుస్తకం ఈ సెట్టును ‘సమితి’ చేసి ఐక్యరాజ్యసమితి పక్కన నిలబెట్టింది. దాని జోలికి పోము.

ఆక్షేపం: శ్రేష్ఠి శబ్దం శెట్టి అయినట్టే ‘శ్రేష్ఠం’ సెట్టు కాకూడదా? సమాధానం: కాకూడదు. మూలంలోని ఏ సెట్టులోనూ శ్రేష్ఠత లేదు.

అర్థబాహుళ్యం

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ఈ ఒక్క క్రియకు 430కి పైగా అర్థాలిచ్చి, సుమారు 60,000 మాటలు ఖర్చుపెట్టింది. తర్వాతి కూర్పు పనిలో ‘రన్’ దీన్ని దాటిపోయింది. అక్కడ 645 లెక్క తేలింది. ఆ ఒక్క మాటను పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకర్త తొమ్మిది నెలలు మోశాడు.

వాటిలో మనం తీసుకున్నవి పిడికెడు. పొద్దు గుంకడానికి ఇంగ్లీషువాడు సెట్టే వాడతాడు. మనకు పొద్దు ఇంకా గుంకుతూనే ఉంది, పాలు తోడుకుంటూనే ఉన్నాయి. తాపీమేస్త్రి మాత్రం “సిమెంటు సెట్టవనీయండి” అంటాడు, శాస్త్రీయంగానే అంటాడు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్లు తగిలాక కనీసం 30 నిమిషాల వరకు బిగియడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాల్లోపు పూర్తిగా బిగియాలి. మన ప్రమాణాల్లో ఉన్న మాట. ఆ ఆలస్యం కోసమే తయారీలో జిప్సం కలుపుతారు. లేకపోతే తాపీ ఎత్తేలోపే గట్టిపడి కూర్చుంటుంది. పెళ్లి సంబంధాల్లో ఈ జిప్సం పాత్ర పిల్ల మేనమామది. “తొందరేముంది, ఇంకో మాట కనుక్కుందాం” అంటూ మొదటి అరగంటలో ఏదీ బిగియనివ్వడు. భీమవరంలో అలాంటివాడొకడు ఉన్నట్టు మూలంలోని ‘అంటే’ అనే మాట సూచిస్తోంది.

సినిమా సెట్టు

కదలకుండా కూర్చోబెట్టడం ధాత్వర్థం. సినిమావాళ్లు అదే పేరు ఎక్కువకాలం నిలవనిదానికి పెట్టారు. విరోధాభాసం. 1591లో రాయీ సున్నంతో కట్టిన చార్మినార్ ఊళ్లోనే ఉండగా, ‘ఒక్కడు’ చిత్రం కోసం కళాదర్శకుడు అశోక్ ఇంకో చార్మినార్ వేశారు. అసలుదాని కింద జనాన్ని ఆపి పోరాటాలు తీయడం ఎవరి తరం? సెట్టును ముందునుంచి చూస్తే రాతి స్తంభం, పగుళ్లు, పగుళ్లలో నాచు. వెనక్కి వెళితే సరుగుడు కర్రలు, ప్లైవుడ్డు, మేకు అందక తాడుతో కట్టిన ముడి. మూలంలోని బావగారి ఉద్యోగం ఆ వెనకవైపు అని ఊహించవచ్చు.

వ్యాకరణ విశేషం

మూలంలో సెట్టు ఇన్నిసార్లు వచ్చినా ‘సెట్ చేశాడు’ అని ఒక్కసారీ రాలేదు గమనించండి. అన్నీ ‘అయింది’, ‘అవలేదు’. ధాత్వర్థం ప్రకారం కూర్చోబెట్టేవాడు ఒకడు లేనిదే కుదరని సకర్మక క్రియను తెచ్చుకుని, దానికి ‘అవు’ తగిలించి కర్తను మాయం చేయడం తెలుగువాడి స్వంత ప్రయోగం. పని సెట్టయింది: ఎవరు సెట్ చేశారు? ఎవరి కాళ్లు పట్టుకుంటే? ఎంసెట్టు సెట్టవలేదు: చదవనిదెవరు? ఈ ప్రయోగంలో ఆ ప్రశ్నలకు చోటు లేదు. గెలుపైతే దేవుడి దయ, ఓటమైతే టైము బాగాలేదు. కర్మణి ప్రయోగం తెలుగుకు అతకదని మూతి విరిచే పండితులు ఈ ఏర్పాటును కాస్త చూడాలి. అందులో కర్త ‘చేత’ అంటూ ఓ మూలనైనా నిలబడేవాడు. ఇందులో గుమ్మం బయటే.

తాత్పర్యం

మా అబ్బాయి బాగానే ఉన్నాడు.

ధ్వని

వాచ్యార్థం అంతే. అయితే మేనత్తలు క్షేమసమాచారం కోసమే ఫోను చేస్తారని ఏ ఆలంకారికుడూ చెప్పలేదు. మూలానికి వెనువెంటనే ఇంకో వాక్యం ఉంది:

“నిశ్చితార్థం ఖర్చులకి నీ దగ్గర ఓ యాభై వేలు సెట్టవుతాయేమిట్రా?”

‘అడ్జస్టవుతాయా’ అని పాఠాంతరం. అర్థభేదం లేదు. క్రియ ఇక్కడా ‘అవు’తోనే ఉంది, యాభై వేలు వాటంతటవే అవ్వాలన్నట్టుగా. కానీ ఇంతసేపూ గుమ్మం బయట ఉన్న కర్త ఎవరో ఈ వాక్యంలో తేలిపోయింది. శ్రోతే. ఆయన “సిగ్నల్ సరిగ్గా లేదత్తా” అన్నట్టు ఒక ప్రతిలో ఉంది, ప్రక్షిప్తమేమో పరిశీలిస్తున్నాం.