ఫోర్‌కే ముసలితనం

2022 డిసెంబరు 31న కాశీబుగ్గలో ఒక సినిమా హాల్లో, తెర మీద టైటిల్ పడీ పడకముందే మా బామ్మర్ది పడ్డాడు. 'ఖుషి' మళ్లీ విడుదలైన రోజది. ముప్పై ఏడేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. చించిన కాగితాల సంచీ భుజాన వేసుకుని తెర ముందుకెళ్లి ఎగిరాడు. గాల్లో ఉండగా వయసు గుర్తొచ్చినట్టుంది, నడుం పట్టుకుని దిగాడు. ఆ సినిమాలో గొడవంతా నడుం గురించే కాబట్టి సందర్భానికి తగ్గట్టే పడ్డాడని సరిపెట్టుకున్నాను. ఇద్దరం పట్టుకుని సీట్లో కూర్చోబెడితే, మూలుగు మధ్యలో ఒక మాటన్నాడు.

"బావా, ముసిలోళ్లమైపోనాం."

ఆ మాటలో బాధ ఉందేమోనని వెతికాను, దొరకలేదు. పింఛను మంజూరైనవాడి సంతోషం మాత్రం దండిగా ఉంది.

మా పలాస, టెక్కలి, సోంపేట వైపు ఈమధ్య ముసలితనం ముందే కాపుకొస్తోంది. అంటు కట్టిన జీడిమామిడి మూడో ఏటికే పూతకొచ్చినట్టు, మావాళ్లు నలభై నిండకుండానే 'మా కాలంలో' అని మొదలుపెడుతున్నారు. మా తాత డెబ్భై దాటాక కూడా ఆ మాట అనడానికి ముందు ఒకసారి దగ్గేవాడు. వీళ్లకు ఆ దగ్గు కూడా అక్కర్లేదు. పొద్దున్నే ఫోన్లో ఒక క్యాసెట్టు బొమ్మ, పక్కన ఒక పెన్సిలు బొమ్మ, కింద 'ఈ రెంటికీ సంబంధం తెలిసినవాళ్లదే అసలు బాల్యం' అని రాత. బడి వదిలి ఇరవై ఏళ్లయ్యాక కూడా పరీక్షే, పైగా అందరూ పాసయ్యే పరీక్ష. క్యాసెట్లో రీలు చిక్కుకుంటే పెన్సిలు దూర్చి తిప్పడాన్ని మరమ్మతు అంటారు. బాల్యం అని ఎవరు పేరు పెట్టారో!

దూరదర్శన్ సంగతీ అంతే. 'మహాభారతం' 1988 నుంచి 1990 దాకా ఆదివారాలు వచ్చింది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో యాంటెన్నా ఒకవైపు నిలిచేది కాదు. మేడ మీద చిన్నాన్న, టీవీ ముందు పెద్దవాళ్లు, గుమ్మంలో నిలబడి కేకలు అటూ ఇటూ అందించే ఉద్యోగం నాది. "వచ్చిందా?" "రానేదు!" "ఇప్పుడో?" "పోయింది!" మొత్తం మహాభారతంలో నేను సొంతంగా విన్న సంభాషణలు ఈ నాలుగే. అలాంటి నేను కూడా 2020 లాక్‌డౌన్‌లో పాత సీరియళ్లు మళ్లీ వేస్తుంటే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజులే వేరని కళ్లు ఒత్తుకున్నాను. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి గుద్దుకునేలోపు అది లోపలికెళ్లి నీళ్లు తాగి వచ్చింది.

ఈ వర్గానికి ఇంకో వాదన ఉంది: ఇప్పటి పిల్లలకు మట్టి తెలీదట. హైదరాబాదులో పదో అంతస్తువాడు అంటే ఊరుకోవచ్చు. మా వైపున్న ఉద్దానంలో కూర్చుని అనాలంటే గుండె ధైర్యం కావాలి. ఇక్కడ చెప్పు దులిపితే ఇసక, మంచం దులిపితే ఇసక, అన్నంలో పంటి కింద ఇసక. మా వీధి గుంటలు సాయంత్రం దాకా అందులోనే పొర్లుతున్నారు. మా బామ్మర్ది వాళ్లను దాటుకుంటూ వెళ్లి, అరుగు మీద కూర్చుని, పిల్లలు ఇసకలో ఆడటం మానేశారని ఫోన్లో రాస్తాడు. 2025 మార్చిలో అందరూ తమ ఫొటోలను జపాన్ కార్టూన్లలా మార్చుకున్నప్పుడు తన చిన్నప్పటి ఫొటో కూడా మార్చుకున్నాడు. లాగు చిరుగు పోయింది, చీమిడి పోయింది, వెనకాల పెంకుటిల్లు ఒసాకా దగ్గర పల్లెటూరులా తేలింది. "అచ్చం అలాగే ఉండేదిరా" అని పదిమంది మెచ్చుకున్నారు.

నీళ్ల గురించి కూడా చెప్పుకుంటారు. మా బావి నీళ్ల రుచే వేరంటారు. రుచి సంగతి నేనూ కాదనను. కానీ మా ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో తేల్చడానికి దేశదేశాల నిపుణులు వచ్చి, నీళ్లూ మట్టీ రక్తమూ సీసాల్లో పట్టుకెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాట మీదకు రాలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తేవాల్సి వచ్చింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. అక్కడ డయాలసిస్ మంచం మీద నలభై ఏళ్లవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఒకడైనా ముసిలోళ్లమైపోనామని మురిసిపోవడం నేను వినలేదు.

నిజానికి మా ఇంట్లో ఈ 'మా కాలం' జబ్బు కొత్తది కాదు, వంశపారంపర్యం. మా తాతది రంగం. అంటే రంగూన్. ఈ తీరం నుంచి బతుకుతెరువుకి బర్మా వెళ్లిన వేలమందిలో ఆయనొకడు. జపాన్‌వాళ్లు బాంబులేస్తే 1942లో ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చాడు. వచ్చాక చచ్చేదాకా ఈ ఊళ్లో ఏ వస్తువూ ఆయనకు ఆనలేదు. బియ్యం రంగానివే, గొడుగు రంగానిదే, చివరికి వాన కూడా రంగంలోనే సరిగ్గా కురిసేది. అక్కడ రేవులో మోసిన మూటల మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. భుజం మీద కాయ చూసి మేమే తెలుసుకున్నాం.

మా అయ్యది ఎన్టీఆర్ రోగం. అది ముదిరి బ్యాలెట్ పెట్టె దాకా వెళ్లింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ హిందూపురంలోనూ టెక్కలిలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు. 'మాయాబజార్' కృష్ణుడే మా ఎమ్మెల్యే అని మా అయ్య ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కృష్ణుడు హిందూపురం ఉంచుకుని టెక్కలి వదులుకున్నారు. చిన్ననాటి జ్ఞాపకానికి ఓటేస్తే ఉప ఎన్నిక వస్తుందని రాష్ట్రంలో మాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అయినా బుద్ధొచ్చిందా? 2010లో 'మాయాబజార్'కు రంగులేసి విడుదల చేస్తే, రంగులెందుకేశార్రా అని తిట్టుకుంటూనే రెండుసార్లు చూసొచ్చాడు.

ఈ జబ్బుకు పేరు పెట్టినవాడు ఒక స్విస్ వైద్య విద్యార్థి, యోహానెస్ హోఫర్, 1688లో. పరదేశాల్లో కొలువు చేసే స్విస్ సైనికులు ఇల్లు తలుచుకుని చిక్కిపోతుంటే 'నోస్టాల్జియా' అన్నాడు. ఇంటికి పంపడమే మందన్నాడు. ముంబయి, భువనేశ్వర్, గల్ఫ్ అంటూ మా ఉద్దానం నుంచి వలసపోయిన కుర్రాళ్లకు ఈ వైద్యం పనికొస్తుంది. పలాస స్టేషన్లో దిగి, అమ్మ చేతి చేపల పులుసు తింటే సగం తగ్గుతుంది. మా బామ్మర్దిని ఎక్కడికి పంపాలి? పుట్టిన ఇంట్లోనే పుట్టిన మంచం మీద పడుకుని బెంగపెట్టుకున్నాడు.

పంపే చోటు లేకపోతేనేం, అమ్మేవాళ్లు ఉన్నారు. 2022 ఆగస్టు 9న 'పోకిరి' మళ్లీ ఆడినప్పటి నుంచి ఈ బేరం ఊపందుకుంది. 'జల్సా', 'చెన్నకేశవరెడ్డి', 'ఒక్కడు', 'సింహాద్రి', 'మురారి', 'ఇంద్ర' వరసకట్టాయి. షూటింగ్ ఖర్చు లేదు, పారితోషికం గొడవ లేదు, కథ బాగుందా అని అడిగేవాడు లేడు. పాత నెగెటివ్ కడిగి ఫోర్‌కే అంటే చాలు. సరుకు కొనేవాడే సరుకు తయారుచేసి తెచ్చుకుంటాడు, తన బుర్రలో. 2023 మేలో 'సింహాద్రి' రెండో విడతకు విజయవాడ హాల్లో బాణసంచా కాల్చి ఏకంగా సీట్లకే నిప్పంటించారు. 2024 జనవరిలో తొంభైల నాటి మధ్యతరగతి ఇంటి మీద ఓటీటీలో సిరీస్ వస్తే, మా పాత లేమిని కొత్త చందా కట్టి చూసుకున్నాం. ఒకప్పుడు డబ్బుల్లేక అనుభవించింది ఇప్పుడు డబ్బిచ్చి అనుభవిస్తున్నామంటే అభివృద్ధి కాక మరేటి?

మా బామ్మర్దికి తేదీలు నోటికొచ్చు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9, తుఫాను వానలో. 'గ్యాంగ్ లీడర్' 1991 మే 9. 'ఖుషి' 2001 ఏప్రిల్ 27. 'పోకిరి' 2006 ఏప్రిల్ 28. పెళ్లిరోజు మాత్రం మా చెల్లెమ్మ గుర్తుచెయ్యాలి. ఆ తేదీలన్నీ ఎండాకాలంవేనని, అప్పుడు పరీక్షలైపోయి సెలవులుండేవని, హాలు దగ్గర గేటు విరగ్గొట్టామని చెప్పుకొస్తాడు. నిజమే. కాకపోతే ఉద్దానంలో ఆ రోజులకు ఇంకో పేరుంది. పిక్కల కాలం.

మార్చి నుంచి మే దాకా జీడి తోటల్లో పళ్లు రాలతాయి. వంగి ఏరాలి, పండు నుంచి పిక్క మెలిపెట్టి తియ్యాలి, ఎండబెట్టాలి. బస్తా అంటే 80 కిలోలు. అక్కడితో అయిపోదు. పలాస–కాశీబుగ్గ కార్ఖానాల్లో ఆ పిక్కను వేడి చేసి, పగలగొట్టి, పప్పు విరక్కుండా పైకి తీసి, పొర ఒలిచి, గుండు వేరు బద్ద వేరు చెయ్యాలి. డొక్కలోంచి కారే జీడినూనె తగిలితే చర్మం కాలి, ఊడి, నల్లబడుతుంది. ఆ పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మా అప్ప, అంటే మా అక్క, పదిహేనో ఏట చేరింది.

'మా కాలం' అనే మాటలో ఆ 'మా' ఎవరని నేనెప్పుడూ అడగలేదు. సమాధానం నాకు అనుకూలంగా ఉన్నప్పుడు ప్రశ్నతో పనేముంది? క్యాసెట్లో పెన్సిలు తిప్పిన చేతులు, గేటు విరగ్గొట్టిన చేతులు, తెరకు కాగితాలు విసిరిన చేతులు అన్నీ ఒక జట్టువి. ఇంకో జట్టు చేతులకు ఆ సమయంలో వేరే పనుంది. ఫోన్లో తిరిగే జ్ఞాపకాల బొమ్మల్లో గోళీలున్నాయి, బొంగరాలున్నాయి, అద్దె సైకిలుంది. పిక్కల బుట్ట ఒక్కసారీ రాలేదు.

చెట్టు కూడా రాలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి మేం కోతికొమ్మచ్చి ఆడిన జీడిచెట్లు వేళ్లు పైకి పెట్టి పడున్నాయి. తాతలు వేసిన కొబ్బరిచెట్లు పొలం గట్ల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. అదీ నిజంగా పోయిన బాల్యం, మళ్లీ విడుదల లేనిది. దాని కోసం మా బామ్మర్ది నెలరోజులు రంపం పట్టుకుని మాట్లాడకుండా పనిచేశాడు. ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు. చెట్టుకు డైలాగు లేదు కదా, ఏం రాస్తాడు?

సరే, ఆ డిసెంబరు 31 సంగతికి వస్తాను. బామ్మర్ది స్నేహితుడొకడికి షుగరు పెరిగి రాలేదు. ఒక టిక్కెట్టు మిగిలింది. ఇంటికొచ్చి ఉన్న మా అప్పను రమ్మన్నాను. ఆటోలో వెళ్తూ, "నీకు గుర్తుందా అప్పా, ఫస్టు రోజు ఎంత రద్దీ!" అన్నాను, నా చిన్నతనం ఆవిడకీ సగం వాటా ఉన్నట్టు.

"నాను ఆ సినిమా సూడనేదురా" అంది అప్ప. "టిక్కెట్టుకి డబ్బులు నా కాడే పట్టుకెల్లినావు. కార్కానా కాడకొచ్చి గుమ్మంలో నిలబడ్డావు. గ్యాపకం నేదేటి?"

లేదు. ఆ సినిమాలో ఏ పాట తర్వాత ఏ ఫైటో గుర్తుంది, హీరో తలకు గుడ్డ ఎలా కట్టాడో గుర్తుంది, సోడా ధర గుర్తుంది. ఆ గుమ్మం గుర్తులేదు. ఏదో అనబోయి, దారిలో గుంతలు ఎక్కువయ్యాయని ఆటోవాడితో అన్నాను.

హాల్లో మూడొందల మంది మగాళ్లు. తెర మీద మనిషి నోరు తెరిచే లోపే మూడొందల నోళ్లు ఆ మాట అనేస్తున్నాయి. ఇరవై ఒక్క ఏళ్లుగా బట్టీ పట్టిన పాఠం. ఈలలు, కాగితాలు, ఏడుపులు. అప్ప ముందుకు వంగి, చీర కొంగు గడ్డం కింద పట్టుకుని, తెరకేసి కళ్లార్పకుండా చూస్తోంది. హాలు మొత్తమ్మీద ఆ సినిమా ఆవిడొక్కర్తికే కొత్తది. తర్వాత ఏం జరుగుతుందో తెలియనిది ఆవిడకే.

నన్ను మోచేత్తో పొడిచింది. "ఆడేటన్నాడ్రా?"

చెప్పబోయాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్ప లేచి నిలబడింది. వెనక్కి తిరిగి, కార్ఖానాలో వంద సుత్తుల మోత మీంచి పక్క వరసను పిలిచే గొంతుతో అరిచింది.

"ఓరి గుంటల్లారా, కూసింతసేపు నోరు మూసుకోండర్రా! ఆడేటంటున్నాడో ఇననివ్వండి!"

రెండు వరసలు ఒక్క క్షణం ఆగాయి. మా బామ్మర్ది నడుం పట్టుకునే తర్వాతి డైలాగు అందుకున్నాడు.