గంప కింది సంగతి

నేను కోళ్ల గంపను. వెదురును నిలువునా చీల్చి, బద్దల అంచులు నున్నగా గీసి, మేదరి చేతులు అల్లితే పుట్టాను. ఈత బరికెలతో అల్లిన చుట్టాలూ నాకున్నారు. మిగతా గంపలు నోరు పైకి పెట్టుకుని వడ్లో, పేడో, మట్టో మోస్తాయి. నా బతుకు మాత్రం బోర్లా పడి ఉండడమే. నాకు అడుగు లేదు, నేలే అడుగు. నా చుట్టూ ఉన్న కళ్లు లోపలి కోళ్లకు గాలి ఆడాలని వెడల్పుగా వదిలినవి. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకుంటే నా కథ సగం తెలిసినట్టే. ఊళ్లో నన్ను కోళ్లకు కాపలా అంటారు. ఆ పేరు నాకు పూర్తిగా చెల్లదు. కోడి బయటికి పోకుండా ఆపడానికి నన్ను అల్లారు, దాన్ని తినేది లోపలికి రాకుండా ఆపడానికి కాదు. ఈ రెండూ ఒకటే పని అనుకోవడం వల్లే పెరటి కోళ్లు ఎక్కువగా పోతున్నాయని నా వాదన. నామీద నేనే సాక్ష్యం చెప్పుకుంటున్నాను కాబట్టి కాస్త నమ్మవచ్చు.

ముందు నాకు చేతనైన పని చెబుతాను. పిల్లల కోడిని పగలు నా కింద మూస్తే గద్దకు నేను లొంగను. గద్ద పైనుంచి వాలి, కాళ్లతో తన్నుకుని, ఆగకుండా లేచిపోవాలి. దానికి తెరపి చోటు కావాలి, మధ్యలో వెదురు అడ్డం పడితే దాని ఎత్తు పారదు. కాకీ, డేగా అంతే. ఇక ముంగిస సంగతి వేరు. అది రాత్రి దొంగ అని చాలామంది అనుకుంటారు గానీ, అది పట్టపగలు తిరిగే జంతువు. సన్నని ఒళ్లు, తవ్వే గోళ్లు. నా నెత్తిన రాయి పెట్టినంత మాత్రాన దానికి అడ్డు కాదు. రాయి కుక్క తోసే తోపుకు మందే గానీ, అంచు కింద మట్టి గీకే గోరుకు కాదు. పైగా కోడిపిల్ల తల నా కంట్లోంచి బయటికి పెడితే, ఆ తలను అందుకోవడానికి ముంగిస లోపలికి దూరాల్సిన పని కూడా లేదు.

రాత్రి వ్యవహారం ఇంకా పెద్దది. కోడి కంటికి పగటి రంగులు బ్రహ్మాండంగా తెలుస్తాయి, చీకట్లో మాత్రం ఆనదు. పొద్దు గూకితే ఉన్నచోటే ముడుచుకుంటుంది, పక్కనున్నది చచ్చినా కదలదు. హాన్స్ క్రూక్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్త 1972లో ఒక సంగతి రాశాడు. ఇంగ్లండ్ తీరాన నేలమీద గూళ్లు పెట్టుకునే గల్ అనే సముద్రపు పక్షులు చిమ్మచీకటి రాత్రుల్లో నక్క వచ్చినా లేచి ఎగరలేదట. నక్కలు తినగలిగినదానికి ఎన్నో రెట్లు చంపి, అక్కడే వదిలేసి పోయాయట. బావురుపిల్లి, పునుగుపిల్లి, ఊరకుక్క గూట్లో దూరినప్పుడు ఒక్కటి తిని అన్నిటినీ చంపడం కక్ష అనుకుంటారు. కక్ష కాదు. వేట ఎదురుగా ఉండి పారిపోకపోతే నోరు ఆగదు, అంతే. దీన్నిబట్టి తేలేది ఒకటుంది, వినడానికి వింతగా ఉంటుంది. వేపకొమ్మమీద కూర్చున్న కోళ్లలో ఒకటి పోయినా మిగతావి చెల్లాచెదురయ్యే వీలుంది. సందున్న గూట్లో ఆ వీలు కూడా లేదు. సరిగ్గా మూయని గూడు కోళ్లన్నిటినీ ఒక్కచోట పోగేసి పెట్టిన పళ్లెం. నా సంగతీ అంతే.

తాతముత్తాతల నాటినుంచీ గంపే కదా కాచింది అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ రోజుల్లో నన్ను ఎక్కడ పెట్టేవారో కూడా అడగాలి మరి. వసారాలో, నులకమంచం పక్కన, చూరు కింద. కోడి ఒక్కసారి కీచుమంటే మంచంమీది మనిషి లేచేవాడు, వాకిట్లో కుక్క మొరిగేది. కాచింది ఆ చెవులు, పేరు నాకొచ్చింది. ఇప్పుడు మనుషులు తలుపులు బిగించుకుని ఫ్యాను చప్పుడు కింద నిద్రపోతున్నారు, నేను పెరట్లో ఒంటరిగా ఉన్నాను. నేను మారలేదు, నా పక్కనున్నవాళ్లు మారారు. అందుకే నా స్థానంలో ఆరుపలకల సన్నతీగ జాలి తెచ్చి కట్టినా ఫలం అంతే. అదీ కోడిని ఆపడానికి పుట్టిందే. కుక్క పళ్లకు చిరుగుతుంది, దాని కళ్లలోంచి కోడిపిల్లను తినే పాము దూరుతుంది. అర అంగుళం కన్నున్న వెల్డింగు జాలి, జాలి చివర బయటివైపుకు తిప్పి నేలలో అడుగు మేర పూడ్చడం లేదా గచ్చు నేల, మూతికి వేలితో నెడితే తెరుచుకోని గడియ, ఇవి కావాలి.

అంత ఖర్చు నాలుగు కోళ్లకు దేనికి అనేవారికి ఒక మాట. పెరడంతా కట్టమని ఎవరూ అనడం లేదు, పడుకునే పెట్టె ఒక్కటి కడితే చాలు. కోడి పగలు తిరగడానికి ఎంత చోటైనా కావాలి గానీ, నిద్రకు చదరపు అడుగు అటూఇటూ సరిపోతుంది. ఇంతకన్నా చవక, మందు పెట్టి పీడ వదిలించుకోవడం అనే మాట ఇంకొకటి వినిపిస్తుంది. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు, సరే, చట్టం పక్కన పెట్టినా లెక్క కుదరదు. ముంగిస, జెర్రిపోతు ఎలుకలనూ తింటాయి. వాటిని చంపితే పందికొక్కులు పెరుగుతాయి, గుడ్లకూ పసి కోడిపిల్లలకూ పందికొక్కు తక్కువ శత్రువేమీ కాదు. పెరట్లో రాత్రి మిగిలిన నూకలు ఎలుకను పిలుస్తాయి, ఎలుక పామును పిలుస్తుంది. చీపురుతో ఒక్క ఊడ్పు ఆ పిలుపును ఆపుతుంది. విషపు ముద్ద కంటే అది చవక.

ఇది ఒక్క పెరటి గొడవ కూడా కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు, అంతకుముందు లెక్కకన్నా నూటికి 46 వంతులు ఎక్కువ. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ వంటి కోడి రకాలు ఆ పెరళ్లలో చాలాచోట్ల చేరాయి. వాటి పిల్లలు పొదుగుయంత్రంలో పుట్టి, తల్లి లేకుండానే వస్తాయి. పుంజు పైనుంచి వచ్చే ఆపదకు ఒక కూత, నేలమీద వచ్చేదానికి ఇంకో కూత కూస్తుందని పరిశోధకులు చూపించారు. నాటుకోడి పిల్లలు తల్లి రెక్క చాటున ఇలాంటి కూతలన్నీ వింటూ పెరుగుతాయి. తల్లిలేని పిల్లలకు ఆ చదువు తక్కువ. అందుకే మొదటి ఐదారు వారాలు వాటిని లోపలే పెంచి ఆ తర్వాతే పెరట్లో వదలమంటారు. అన్ని వారాలపాటు అలాంటి పిల్లలకు నన్ను కాపలా పెట్టడం నాకూ అవమానం, వాటికీ ప్రమాదం.

నాకు దక్కే పని ఇంకా ఉంది. పొద్దు గూకాక నన్ను ఎత్తి గోడకు ఆనించండి, కోళ్లను అడుగున్న పెట్టెలోకి తోలి గడియ పెట్టండి. తెల్లారి ఎండ ఎక్కాక, మనిషి కళ్లెదుట, పిల్లల కోడిమీద మళ్లీ నన్ను బోర్లిస్తే, గద్ద నీడ పెరడు దాటేదాకా చూసుకుంటాను.