ఒక ఉచిత పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు కోలాచలం మల్లినాథసూరి. ప్రస్తుత వ్యాఖ్యాతకు అలాంటి ఒట్లేవీ లేవు. మూలమూ కాళిదాసుది కాదు. ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో, కర్త పేరు ఊడిపోయి, చాలా చేతులు మారి వచ్చిన ఒక చాటువు. కవిది ఏ ఊరని అడిగేవారికి ఒకటే జవాబు: బడిలో నెట్టు లేదంటున్నాడు గనుక ఏ ఊరైనా కావచ్చు. కాలం మాత్రం స్పష్టం. బడిపంతులుకు బెత్తం పోయి పాసువర్డు వచ్చిన కాలం.

మూలం

ఉచిత మన్న దాని కురికెను పంతులు
నెట్టు లేక బడిని నేల జూచె
పాసువర్డు మరచి పరితపించెను చాల
సుద్ద ముక్కె తుదకు జూపె దారి

ఛందస్సు ఆటవెలది. పిల్లల చదువులో ఆట ఉండాలని కవి సూచించాడని ఒక రసజ్ఞుడు మురిశాడు. కందంలో ప్రాస కుదరక దీంట్లోకి దిగాడని మా అభిప్రాయం.

ప్రతిపదార్థం

ఉచితము అన్న దానికి = పైకము చెల్లింప నక్కరలేదని ప్రకటింపబడిన డిజిటల్ బోధనసాధనమునకై; పంతులు = హాజరు యాప్, మధ్యాహ్న భోజనపు యాప్, మరుగుదొడ్ల ఫొటోల యాప్ అను మూటిని దాటి, ఇంకను పాఠము చెప్పగోరు ధీరుడు; ఉరికెను = ఆత్రముతో లింకు నొక్కెను; నెట్టు లేక = ఫోనున సిగ్నలు గీత ఒక్కటియు లేనందున; బడిని = పిల్లలందరు తన చేతివంకనే చూచుచున్న తరగతియందు; నేల జూచె = తల వంచుకొనెను; పాసువర్డు మరచి = ఒక పెద్దక్షరము, ఒక అంకె, ఒక వింత గుర్తు ఉండి తీరవలెనని శాసింపబడిన రహస్యపదమును విస్మరించి; చాల పరితపించెను = ఓటీపీ పాత నంబరునకు పోయెనని తెలిసి కుమిలెను; సుద్ద ముక్కె = సుద్దముక్కయే, ప్రొజెక్టరు కాదు; తుదకు = గంట కొట్టుటకు కొంచెము ముందు; దారి జూపె = పాఠమును గట్టెక్కించెను.

తాత్పర్యం

పీరియడు పోయింది.

విశేషాలు

కవి 'ఉచితమైన' అనలేదు, 'ఉచితమన్న' అన్నాడు. ధ్వని అంతా ఆ 'అన్న'లో ఉంది. జూమ్ ఉచితమే, 40 నిమిషాల దాకా. మాష్టారు ఉపోద్ఘాతం దాటి అసలు పాఠంలోకి వచ్చేసరికి తెర నల్లబడుతుంది. ప్యాడ్‌లెట్ ఉచితమే, మూడు బోర్డుల దాకా. నాలుగో పాఠం పెట్టాలంటే ముందు పెట్టినవాటిలో ఒకదానికి తర్పణం వదలాలి. ఇంకో రకం ఉంది: పైసా అడగదు, చెప్పాపెట్టకుండా కాకపోయినా, ఒకనాటికి కనబడకుండా పోతుంది. గూగుల్ వారి జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో సెలవు తీసుకుంది. దానికి నాలుగేళ్ల ముందు సరిగ్గా అదే తేదీన అడోబీ ఫ్లాష్‌ను వదిలేసింది. ఫ్లాష్ బొమ్మలతో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పాఠాలున్న మాష్టార్లు పెన్‌డ్రైవ్‌లు చేతబట్టుకుని దిక్కులు చూశారు. డిసెంబరు 31కి ఏ దోషం ఉందో జ్యోతిష్కులు పరిశీలించాలి.

పైసా అడగని వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది పిల్లల పేరు, పుట్టినతేదీ, ఇంటి ఫోన్ నంబరు అడిగేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంది. పాఠం కోసం క్లాసు రిజిస్టరంతా ఎవరికో రాసిచ్చే అలవాటు మనకు అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. ఆధార్ నకళ్లు ఇచ్చి ఇచ్చి చేయి తిరిగినట్టుంది.

మరి నిజంగా ఉచితమైనవి లేవా అని పూర్వపక్షం. ఉన్నాయని సిద్ధాంతం. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ పంచుకున్న కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన 'ఫెట్' ప్రయోగాలు అలాంటివి. అందులో కరెంటు వలయాలు కట్టే ఆట ఒకటుంది. తీగను తిన్నగా బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే తెరమీద మంట లేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో పిల్లలు ఇక జన్మలో మరిచిపోరు, బడికి నిప్పూ అంటుకోదు. కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. లెక్కల మాష్టార్లకు జియోజీబ్రా ఉంది. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి తన చదువులో భాగంగా మొదలుపెట్టాడు. 2021 చివర్లో బైజూస్ దాన్ని కొన్నది. కొన్న సంస్థ 2024లో దివాలా విచారణకు వెళ్లింది. జియోజీబ్రా మాత్రం పంతుళ్లకు కోణాలు ఉచితంగానే కొలిచిపెడుతోంది.

'నెట్టు లేక' అన్నచోట శ్లేష ఉందని ఒక పండితుడు పట్టుబట్టాడు. నెట్టు అంటే తోయు గనుక, బెంచీలు నెట్టే ఓపిక లేక కూలబడ్డాడని ఆయన అన్వయం. బెంచీలున్న బళ్లకు అది చెల్లవచ్చు. మేము నెట్టు అంటే నెట్టే అంటాం. ఇక్కడ కవి మీద మాకొక ఫిర్యాదు ఉంది: ఈయన బడికి వచ్చాక నెట్టు వెతికాడు. ఫెట్ ప్రయోగాలను ఒక్కొక్కటీ ఒక్క ఫైలుగా ఇంట్లోనే దించుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే బడి కంప్యూటరులో బ్రౌజరు చాలు, నెట్టుతో పని లేదు. జియోజీబ్రా కూడా కంప్యూటరులో ఎక్కించుకుంటే నెట్టు అడగదు. కివిక్స్ అనే దాంతో 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియానే మొత్తంగా దించి పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో శీర్షిక పక్కనుండే క్యూఆర్ కోడ్ దీక్షలోకి తీసుకెళ్తుంది. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన వేదిక అది. అందులోని పాఠాలనూ యాప్‌లో ముందే దించుకోవచ్చు. ఆ చతురస్రాన్ని పిల్లలు రంగు పెన్సిళ్లతో నింపేయకముందే స్కాన్ చేసుకోవడం శ్రేయస్కరం.

మూడో పాదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాసువర్డు అడగని సాధనం దొరికితే అడిగేదాని జోలికి పోకూడదు. పిల్లలందరి చేతా ఖాతాలు తెరిపించే క్విజ్‌కన్నా ప్లికర్స్ లాంటిది మేలు. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితపు అట్ట. జవాబును బట్టి దాన్ని తిప్పి పట్టుకుంటారు. మాష్టారి ఫోను ఒక్కటే తరగతంతా చదివేస్తుంది. చేయెత్తడానికి సిగ్గుపడే పిల్ల కూడా అట్ట ఎత్తుతుంది. పక్కవాడి జవాబు చూసి కాపీ కొడదామంటే ఒక్కో అట్ట బొమ్మ ఒక్కో తీరు.

పాఠాంతరం

నాలుగో పాదంలో 'తుదకు' బదులు 'మొదట' అని చదివేవారున్నారు. 'సుద్ద ముక్కె మొదట జూపె దారి.' గణం చెడదు, యతి చెడదు. అర్థం మాత్రం తలకిందులవుతుంది. 'తుదకు' అంటే సాధనాలన్నీ చేతులెత్తేశాక సుద్దే గతి అని నిట్టూర్పు. స్టాఫ్‌రూములో సీనియర్లకు ఈ పాఠం మీద మక్కువ. కొత్తదేదీ ముట్టకుండా రిటైరవడానికి ఇందులో ప్రమాణం దొరుకుతుంది. మేము 'మొదట' పక్షం. మాష్టారు ముందు బల్లమీద శ్రేణి సంధానం, సమాంతర సంధానం గీసి చెప్పాలి. ఒక బల్బు తీసేస్తే మిగతావి ఆరతాయా వెలుగుతాయా అని అడగాలి. తరగతి రెండుగా చీలిన క్షణాన తెర తెరవాలి. అప్పుడు ఫెట్ తీర్పు చెబుతుంది. ఆ ప్రశ్న లేకుండా ముందే తెర తెరిస్తే పిల్లలు బల్బుల రంగులు చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. అర్ధవృత్తంలో కోణం లంబకోణమని ఒక్క బొమ్మ గీసి నిరూపించాక, జియోజీబ్రాలో ఆ బిందువును చాపం పొడుగునా లాగి చూపితే, ఎక్కడికి జరిపినా 90 దగ్గరే నిలబడే అంకె సిద్ధాంతానికి సాక్ష్యం చెబుతుంది. ఉచిత సాధనాల జాబితాలు పంచుకునే గ్రూపులకు లోటు లేదు. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో పంచుకునే గ్రూపు అరుదు. జాబితా వెతకాల్సింది ఆ తడబాటు తెలిశాకే. కాబట్టి మూలాన్ని 'మొదట' అని దిద్దుకోవలసిందిగా పాఠకులకు మనవి.

మరొక్క మనవి. ఈ వారం ఒక్క పాఠానికి ఒక్క సాధనం చాలు, అంతకు మించి వద్దు. ఇంట్లో నెట్టు ఉన్నప్పుడే ఫైలు దించుకోండి. తరవాత ఫోనులో విమానం గుర్తు నొక్కి, ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూసుకుని అప్పుడు బడికి బయల్దేరండి.