చట్టం చదివి ఈనండి!

మన గేదెలకు చట్టజ్ఞానం బొత్తిగా లేదు. ఉంటే అర్ధరాత్రిపూట, అదీ ఆదివారం నాడు, అదీ దూడ అడ్డం తిరిగి ఈనవు. పశువుల ఆస్పత్రికి వేళలున్నాయి. డాక్టరు గారు రెండు మూడు చోట్లకు ఇన్‌చార్జి కాబట్టి ఆ వేళల్లో ఏ ఆస్పత్రిలో ఉంటారో కనుక్కుని, ఆ ఊళ్లో, ఆ పూట జబ్బుపడటం పశువు కనీస బాధ్యత. అది పాటించకపోతే సర్కారేం చేస్తుంది పాపం?

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, 30వ సెక్షన్: రిజిస్టరులో పేరున్న పశువైద్యుడే వైద్యం చేయాలి. మిగతావారికి సందు చిన్నది. రాష్ట్రం అనుమతిస్తే, డిప్లొమానో సర్టిఫికెట్టో ఉన్న సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయవచ్చు. అంటే టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడం, విత్తులు కొట్టడం వగైరా.

విత్తులు కొట్టడం చిన్నపాటి సేవ! ఈ జాబితా రాసిన కమిటీలో కోడెదూడలకు ప్రాతినిధ్యం లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆ దూడ మొర ఇంకో చట్టం విన్నది, కాస్త ఆలస్యంగా. విత్తులు కొట్టడం, కొమ్ములు తీయడం, వాతలు వేయడం, ముక్కుతాడు గుచ్చడం ‘నిర్దేశించిన పద్ధతి’లో చేస్తే హింస కాదని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెప్పింది. ఆ పద్ధతేమిటో నిర్దేశించడానికి కేంద్రానికి 63 ఏళ్లు పట్టింది. 2023లో వచ్చిన నిబంధనలు రిజిస్టరైన పశువైద్యుడూ ఉండాలి, మత్తుమందూ ఉండాలి అన్నాయి. తప్పేం లేదు, నొప్పి ఎవరికైనా నొప్పే. కానీ ఒక చట్టం సహాయకుడు చాలన్న పనికే ఇంకో చట్టం డాక్టరును పిలుస్తోంది. ఇద్దరిలో ఎవరొస్తారో తేలేలోగా దూడ ఆబోతు అయిపోతుంది. సంతలో ముక్కులు కుట్టే పెద్దాయన ఈలోగా గెజిట్ తెప్పించుకుని చదువుకుంటాడనే ఆశిద్దాం.

ఇక పర్యవేక్షణ. సహాయకుడు వాచిన పొదుగు ఫొటో వాట్సాప్‌లో పెడతాడు. రెండు నీలి టిక్కులు పడతాయి. కాసేపటికి బొటనవేలు బొమ్మ వస్తుంది. పర్యవేక్షణ ముగిసింది.

ఇంతకీ డాక్టరుకూ సహాయకుడికీ మధ్య చట్టం గీసిన ఈ గీతను అందరికంటే ఎక్కువగా దాటిస్తున్నది సర్కారే. ఉమ్మడి రాష్ట్రంలో గోపాలమిత్రలను పెట్టింది. కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, ఎద సూదులు వేయమని ఇంటింటికీ తిప్పింది. గాలికుంటు టీకాల లెక్క చూపాల్సి వచ్చినప్పుడు ఆ కుర్రాడు శాఖకు వెన్నెముక. జీతం పెంచమన్నప్పుడు స్వచ్ఛంద సేవకుడు. సూది వికటించి గేదె పడిపోయినప్పుడు అర్హత లేని వ్యక్తి. ఒక్క ఏడాదిలో ఒకే మనిషికి ఇన్ని హోదాలు! ఇంత చురుగ్గా ఐఏఎస్‌లకైనా పదోన్నతులు రావు.

అలాగని సూది పట్టినవాడల్లా డాక్టరేనా? కాదు. చట్టం భయం ఉత్తుత్తిది కాదు. ఈనిన మర్నాడు పాలజ్వరంతో పడిపోయిన గేదెను చూడండి. చెవులు చల్లబడతాయి, మెడ డొక్కవైపు తిప్పుకుని పడుకుంటుంది, తోక మెలిపెట్టినా లేవదు. 450 మిల్లీలీటర్ల కాల్షియం సీసా నిదానంగా నరంలోకి ఎక్కిస్తే చాలాసార్లు గంటా రెండు గంటల్లో లేచి కుడితి వెతుక్కుంటుంది. అదే సీసా తొందరపడి ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. గేదె ప్రాణం గుండె చప్పుడు వింటూ ధారను తగ్గించే చేతిలో ఉంది. ఆ చెయ్యి ఎవరిదో రిజిస్టరు చెబుతుంది. రాత్రి రెండింటికి ఎక్కడుందో చెప్పదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య బండి వచ్చినచోట ప్రాణాలు నిలబడుతున్నాయి, కాదనం. రానిచోట రైతు ఎవరిని పిలవాలి? కాంపౌండరు వచ్చి సీసా ఎక్కిస్తే అతనిది నేరం, ఎక్కించకపోతే రైతుకు నష్టం.

చదువులేని సూది ఏం చేస్తుందో రాబందులను అడగాలి, దొరికితే. డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు ఎక్కిన పశువుల కళేబరాలు తిని తెల్లవీపు రాబందులు నూటికి 99 పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదన్నారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు మాత్రం మెడికల్ షాపు నుంచి తిన్నగా కొట్టంలోకి నడిచొచ్చాయి. చివరికి 2015లో సీసానే 3 మిల్లీలీటర్లకు కుదించారు. చట్టాన్ని మనుషుల మీద అమలు చేయలేక సీసా మీద అమలు చేసిన ఘనత మనది.

ఐదువేల పశువుల యూనిట్లకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. 2019 పశుగణన నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లో గొర్రెలే మూడున్నర కోట్లు దాటాయి. దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రది. ఈ ర్యాంకులు చెప్పుకోని మంత్రి లేడు. చిటుకరోగం మందలో పడితే తెల్లారేసరికి ఎన్ని పోతాయో తెలిసిన గొర్లకాపరికి మాత్రం ఆ ర్యాంకు పనికిరాదు, టీకా పనికొస్తుంది.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ఖాళీలు నింపండి. రాత్రి డ్యూటీలు వేయండి. సహాయకుడు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తెలుగులో రాసి ప్రతి పశువుల ఆస్పత్రి గోడకూ అంటించండి. పర్యవేక్షించిన డాక్టరు పేరు మందు చీటీ మీద ఉండాలనండి. ఇవేవీ చేయకుండా రేపు ఏ గోపాలమిత్ర మీదో కేసు పెడతారా? పెట్టండి. కానీ ఎఫ్ఐఆర్‌లో ఆ కుర్రాడిని రెండో ముద్దాయిగా రాయండి. మొదటి పేరు, పోస్టు భర్తీ ఫైలును బల్ల కింద తొక్కిపెట్టినవాళ్లది.